మెదడున బూజు

తడిసిన వేరుసెనగకాయ నొలిచినపుడు పప్పుపై పసుపుపచ్చని బూజు కానవచ్చుట మీకు క్రొత్త గాదు. ఆ జాతి బూజు ఆరోగ్యవంతుని మెదడునుగూడ జేరగలదనిన నమ్ముట కష్టము. ఆ సంగతిని నిరూపించిన వైద్యశాల మన కృష్ణానగర్‌కు చేరువనే, పంజగుట్టలో నున్నది.

1729లో ఫ్లారెన్సు నగరవాసి మికేలీ యను వృక్షశాస్త్రజ్ఞుడు ఈ బూజును సూక్ష్మదర్శినిలో జూచి, తమ ప్రార్థనామందిరమున తీర్థము చిలుకరించు కుంచెను బోలియున్నదని ‘ఆస్పర్‌జిల్లస్’ అని పేరిడెను. మన పురోహితుడైనచో పన్నీటిబుడ్డి యనియుండును! దీని బీజములు కంటి కగపడవు. గాలిలో నెల్లెడల నుండును.

ఇది మెదడు కెక్కుట క్షీణదేహులకే యని వైద్యులు చిరకాలము తలచిరి. 1969లో సూడాను దేశమునుండి, ముక్కు ప్రక్కనుండు ఎముకగూళ్లలో ఈ బూజు పెరిగిన రోగుల వృత్తాంతము వెలువడెను. ఎండయు ధూళియు మెండుగా గల దేశమది, మన తెలంగాణమువలెనే.

నిజాముగారి ధర్మనిధితో ఎముకల వైద్యశాలగా పుట్టి, పిదప నిమ్స్‌గా పెరిగిన పంజగుట్ట ఆసుపత్రి వైద్యులు 2000లో ఇట్టి 21 మంది రోగుల చరిత్రను ప్రకటించిరి. 1988 మొదలు 2004 వరకు తాము పరీక్షించిన 130 మంది వృత్తాంతమును 2006లో వెలువరించిరి. అన్ని బూజులలో ఆస్పర్‌జిల్లసే అగ్రస్థానము వహించెను. రోగులలో అనేకులకు పూర్వవ్యాధి యేదియు లేదు.

ముక్కుగూళ్లలో నాటుకొని, ఎముకను మెల్లగా దొలిచి, నెలల తరబడి కంటిగూటికిని కపాలమునకును ప్రాకుట దీని పద్ధతి. ఒకవైపు ముక్కుదిబ్బడ, వదలని తలనొప్పి, కన్ను ముందుకు పొడుచుకొని వచ్చుట, ఒకటి రెండుగా గనబడుట దీని గుఱుతులు. పల్లెలో అర్ధావభేదకమని నస్యము వేయుదురు. పట్టణమున నొక్కొకప్పుడు క్షయగడ్డ యనుకొందురు. చిత్రపటమున రెండును ఒకే తీరున గనబడవచ్చును గదా! క్షయ యని తలచి స్టెరాయిడు లిచ్చినచో దేహరక్షణ సడలి బూజు మఱింత విజృంభించును. మాంసపు తునుకను దీసి, సూక్ష్మదర్శినిలో కొమ్మలు చీలిన దారములను జూచినగాని నిర్ణయము కాదు.

మందు 1950 దశకమున వచ్చినది. వెనెజ్వేలాలోని ఒరినోకో నదీప్రాంతపు మట్టినుండి లభించిన సూక్ష్మజీవి యిచ్చిన ఆంఫోటెరిసిన్ అది. మూత్రపిండములకు మాత్రము శత్రువు. 2002 నాటికి వోరికొనజోల్ వచ్చెను. శస్త్రచికిత్సయు వలయును. మెదడు పొర వెలుపలనే పట్టుబడినవారు బ్రదుకుట ఎక్కువ. పొర దాటి మెదడులో దిగినచో కష్టము.

ఇది అంటువ్యాధి గాదు. రోగికి కంచము వేఱుగా బెట్టనక్కఱలేదు.