అరువు గొడ్డలి



మొదటి సమూయేలు 13వ అధ్యాయంలో సౌలు తొందరపాటు దగ్గర ఆగుతాం గానీ, చివరి వచనాలు చాలామందిమి దాటేస్తాం. ఇశ్రాయేలు దేశమంతటా కమ్మరి లేడని అక్కడ రాసి ఉంది. హెబ్రీయులు కత్తులు, ఈటెలు చేయించుకుంటారేమోనని ఫిలిష్తీయుల భయం. నాగటి కర్రుకో గొడ్డలికో పదును కావాలంటే శత్రువు దగ్గరికే పోవాలి. దానికిచ్చే వెల ‘పీము’. ఆ మాటకు అర్థం ఎంతో కాలం తెలియక కొన్ని పాత అనువాదాల్లో ఆకురాయి అని రాశారు. 20వ శతాబ్దం మొదట్లో పాలస్తీనా తవ్వకాల్లో ఆ మాట చెక్కిన చిన్న తూనికరాళ్లు దొరికాయి. ఒక్కోటి సుమారు 7.6 గ్రాములు. పదునుకే అంత వెండి! ఎలీషా కాలానికి కూడా ఇనుము చవకైంది కాదు. గొడ్డలి యొర్దానులో పడగానే ఆ శిష్యుడు అయ్యో అన్నది ఊరికే కాదు, అది అరువు తెచ్చింది.

మన కారెంపూడిలో 12వ శతాబ్దపు పల్నాటి వీరుల ఆయుధాలని చెప్పే కొణతాలను ఏటా కార్తీక అమావాస్య ఉత్సవాల్లో నాగులేటికి తీసుకెళ్లి స్నానం చేయిస్తారు. మన ఆరాధన వేరు. అయినా తరతరాలుగా వాటిని కాపాడుకొస్తున్న శ్రద్ధను మెచ్చుకోవాలి. మన గొడ్డళ్లకు ఆ భాగ్యం లేదు.

పోయిన వానాకాలం పక్కింటి పెద్దాయన గొడ్డలి అడిగి తెచ్చుకుని, చర్చి వెనక తుమ్మ కొట్టి, తుడవకుండా యూరియా బస్తాకు ఆనించాం. పది రోజులకు ఎర్రబడింది. గాలి, తేమ రెండూ తగిలితేనే ఇనుము తుప్పు పడుతుంది. ఎరువు ఆ తేమను ఇంకా లాగుతుంది. పైగా తుప్పు పెచ్చులుగా రాలి లోపలి ఇనుమును మళ్లీ బయట పెడుతుంది, కాబట్టి దానంతటది ఆగదు.

ఇటుక పొడితో రుద్దాం. కడిగి, ఎండలో బాగా ఆరబెట్టి, గుడ్డతో ఆముదం పలచగా రాశాం. పని అయిన రోజే జిగురు తుడిచి, ఆ నూనె చుక్క రాసి, నేల తగలకుండా గోడకు తగిలిస్తే ఇంత పని ఉండేది కాదు.

తిరిగివ్వబోతే పెద్దాయన అంచు తడిమి చూశాడు.

“అయ్యగారూ, కామ ఊడదీసి చూశారా?”

చూడలేదు. ఊడదీస్తే, కామ దూరే బొక్కలో ఇంకా ఎర్రగానే ఉంది. గొడ్డలి మళ్లీ ఇంటికి తెచ్చుకున్నాం.