పాల ప్యాకెట్‌కు అంటిన మెతుకులు

విజిల్ మోగింది. మాచవరం వీధిలో కళ్లాపి ఇంకా ఆరలేదు, పంచాయతీ రిక్షా గుమ్మం ముందు ఆగింది. "తడీ పొడీ కలపొద్దని నిన్ననే చెప్పాను గదమ్మా!" ఇంటింటి చెత్త సేకరించే హరిత రాయబారి అంటూనే ఉంది. రాత్రి మిగిలిన అన్నం, సొరకాయ తొక్కలు, పాల ప్యాకెట్లు ఒకే బకెట్లోంచి రిక్షాలోకి జారాయి.

ఊరి చివర రేకుల షెడ్డు దాకా ఆమె వెంట నడవండి. చెత్త బోర్లించి, గొంతుక్కూర్చుని ఏరడం మొదలుపెట్టింది. పాల ప్యాకెట్‌కు మెతుకులు పులిసి అంటుకున్నాయి. గోటితో గీకి మెతుకులు ఇటు, కవరు అటు. చేతికి గ్లౌజు లేదు. అడుగున పురుగుమందు డబ్బా తగిలితే చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకుంది. మిరప, పత్తి పండే ఊళ్లలో ఆ డబ్బాలు ఇంటి చెత్తలోకి రానే కూడదు.

షెడ్డులోనే ఉన్న ఎరువు తొట్టి మీది తడి గోనె ఎత్తి చూడండి. వానపాములు తిని వదిలిన ఎరువు టీపొడిలా ఉంది. ఇందులో మిరపకాయలు వేయరు, వానపాము ఆ ఘాటుకు ఓర్చుకోదు.

ఇదే తడి చెత్తను గాలి తగలని ట్యాంకులో పెడితే సూక్ష్మజీవులు మీథేన్ తీస్తాయి. హైదరాబాదు బోయినపల్లి మార్కెట్‌లో రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ పద్ధతిలో కట్టిన ప్లాంటు రోజుకు 10 టన్నుల కూరగాయల వ్యర్థాలతో సుమారు 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల గ్యాసు ఇస్తుందని లెక్క. అక్కడికి వచ్చేదంతా కుళ్లే సరుకే కాబట్టి ఏరే బాధ తక్కువ.

ఇక కొండవీడు దగ్గర 2021లో మొదలైన 15 మెగావాట్ల ప్లాంటు చెత్తను మండించి కరెంటు తీస్తుంది. తడి చెత్త పడితే ఆ వేడిలో కొంత నీళ్లు ఇగరడానికే పోతుంది.

ఆమె పక్కన పెట్టిన పాల ప్యాకెట్లకు పైరాలసిస్ దారి ఉంది. గాలి చొరని రియాక్టరులో 400, 500 డిగ్రీల వేడి పెడితే అవి మండవు. కరిగి ఆవిరవుతాయి, ఆ ఆవిరి చల్లబడితే నూనె. మిగతాది గ్యాసు, మసిబొగ్గు. పీవీసీ పైపు ముక్కలు కలిస్తే మాత్రం హైడ్రోజన్ క్లోరైడ్ పుట్టి యంత్రాన్ని తినేస్తుంది.

అంత పెద్ద యంత్రం కూడా ఈ వేళ్ల ఏరివేత మీదే ఆధారపడాలి. మాచవరానికి రియాక్టరు ఎప్పుడొస్తుందని అడిగేముందు, ఈమెకు గ్లౌజులు ఎప్పుడిస్తారని నేను అడుగుతాను. ప్రతి గుమ్మంలో రెండో బకెట్ ఎప్పుడు పెడతారని కూడా.