ఆటగాని కూలి

ఇంగ్లండు, స్కాట్లండు జట్లు ఇంచుమించు ప్రతి సంవత్సరమును రగ్బీ ఆడి గెలుచుకొను బహుమానమునకు కలకత్తా కప్పు అని పేరు. ఎక్కడి ఎడిన్‌బరో, ఎక్కడి కలకత్తా! శ్రోతలలో కొందరికైనను ఈ సందేహము కలిగియుండును గావున ఆ కథ ముందు చెప్పుకొందము.

1872 వ సంవత్సరము క్రిస్మసు పండుగనాడు కలకత్తాలోని తెల్లదొరలు కొందరు రెండు పక్షములై రగ్బీ ఆడిరి. మరుసటి యేడు కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్బు వెలసెను. మొదట సభ్యులు ఉత్సాహముతో చేరిరి. క్లబ్బులో ఉచితముగ మద్యము పోయుట మానినంతనే ఆ ఉత్సాహము చల్లారెనని చెప్పుదురు. మన ఎండకును, మన గట్టినేలకును ఆ ఆట పొసగలేదన్న కారణమునుకూడ చేర్చుట న్యాయము. 1878లో క్లబ్బును మూసివేయుచు, బ్యాంకులో మిగిలిన 270 వెండి రూపాయలను కరగించి సభ్యులు చక్కని కప్పు చేయించిరి. దాని పిడులు మూడును నాగుపాములు, మూతపై ఏనుగు. దానిని ఇంగ్లండులోని రగ్బీ సంఘమునకు పంపిరి. 1879లో ఎడిన్‌బరోలో దానికొరకు జరిగిన మొదటి పోటీలో ఎవరును గెలువలేదు, ఎవరును ఓడలేదు.

రగ్బీ ఎరుగనివారికి ఒక మాట. కోడిగ్రుడ్డు ఆకారము గల బంతిని చంకనిడుకొని పరుగెత్తి, ఎదిరివారి గీత దాటి నేలకు ఆనింపవలెను. చేతితో బంతిని ముందుకు విసరరాదు. ప్రక్కకో వెనుకకో అందీయవలెను. ఎదిరివారు నడుము పట్టి పడవేయుదురు. సిద్దిపేట చేరువనున్న ఇబ్రహీంపూరు వంటి పల్లెలలో చెడుగుడు చూచి పెరిగినవారికి ఈ పట్టు సంగతి వేరుగ వివరింపనక్కరలేదు.

విచిత్రమేమన, రూపాయలు కరగించి చేసిన ఆ కప్పుకొరకు పోరాడువారు ఆట పేరిట ఒక్క రూపాయియైనను పుచ్చుకొనరాదు. 1886లో రగ్బీ సంఘము ఈ కట్టడి చేసెను. ఆట పెద్దమనుష్యుల వినోదమనియు, కూలికి ఆడువాడు దానిని చెరచుననియు వారి వాదము. భూములును, బ్యాంకులును గలవారికి ఈ నీతి సులభముగనే యుండెను. ఇంగ్లండు ఉత్తరభాగమున ఆడువారిలో బొగ్గుగనుల కూలీలు, మిల్లు పనివారు మెండు. శనివారము వారికి పనిదినమే. ఆటకు పోయినచో ఆ పూట కూలి పోవును. ఇంటిలో ఇల్లాలికి ఏమని చెప్పవలెను? పోయిన కూలిని మాత్రము పూరింపుడని వారి క్లబ్బులు అడిగినవి, అంతకు మించి కాదు. 1893లో సంఘము దానినికూడ త్రోసిపుచ్చెను.

1895 ఆగస్టు 29 వ తేదీన హడర్స్‌ఫీల్డు పట్టణమున జార్జి హోటలులో ఉత్తరాది క్లబ్బులు కూడి వేరు కాపురము పెట్టినవి. నాటినుండి రగ్బీ రెండు శాఖలాయెను. కూలినిచ్చునది లీగు, ఈయనిది యూనియను. లీగులో సొమ్ము పుచ్చుకొన్నవానిని యూనియనువారు మరల తమ గడప త్రొక్కనీయలేదు. కులమునుండి వెలివేయుట మనకు మాత్రమే తెలిసిన విద్య అనుకొనరాదు! నూరేండ్లు గడచి 1995 ఆగస్టు వచ్చువరకు, పారిసులో ఆ ఆట పెద్దలు నిషేధమును ఎత్తివేయువరకు, యూనియను రగ్బీలో బాహాటముగ జీతము పుచ్చుకొన్న ఆటగాడు లేడు.

ఆటగానికి అన్నము పెట్టవలసినది ఎవరు అను ఈ ప్రశ్న మన నేలపై ఫుట్‌బాల్ ఆటగాండ్రకు ఎదురైనది. దానికి ఇచట దొరికిన సమాధానము వేరు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగ అయిదేండ్లు బొంబాయిలోని రోవర్స్ కప్పును గెలిచెను. దాని శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం మునుపు బడిపంతులు. పోలీసు ఆటగాండ్రకు శాఖలో ఉద్యోగము, ఆ ఉద్యోగమునకు జీతము. గోలు వేసినను, వేయకున్నను మొదటి తేదీన ఇల్లు గడచును. దానిని కొందరు దొంగచాటు కూలి యందురు. మేము అట్లనము. పేదయింటి బిడ్డ మైదానమున నిలుచుటకు అది ఆనాడు గట్టి ఆసరా.

అయినను ఆటగాని ఆయువు ఉద్యోగపు ఆయువంత పొడవైనది కాదు. తులసీదాస్ బలరాం జీవితమును చూడుడు. 1936లో సికిందరాబాదు చేరువ అమ్ముగూడలో పేదకుటుంబమున జన్మించెను. రహీం కంటబడి, హైదరాబాదు పక్షమున సంతోష్ ట్రోఫీ ఆడి, 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సుకు వెళ్లెను. మన జట్టు అచట నాలుగవ స్థానము పొందెను. మరుసటి యేడు కలకత్తాలోని ఈస్ట్ బెంగాల్ క్లబ్బు ఆయనను చేర్చుకొనెను. 1960లో రోము నగరమున హంగేరీపై ఒకటియు, పెరూపై ఒకటియు గోలు వేసెను. ఆ రెండాటలును మనము ఓడితిమి; కాని హంగేరీవంటి జట్టు 2-1 తో మాత్రమే బయటపడెనన్నచో ఆ పోరు ఎట్టిదో ఊహింపవచ్చును. 1961లో ఆయన నాయకత్వమున ఈస్ట్ బెంగాల్ కలకత్తా లీగును గెలిచెను. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో దక్షిణ కొరియాను 2-1 తో ఓడించి స్వర్ణపతకము తెచ్చిన జట్టులో ఆయన ఉండెను. అర్జున పురస్కారమును ఆ యేటిదే.

1963లో ఊపిరితిత్తుల పొరకు వాపు వచ్చి బలరాం ఆట మానవలసివచ్చెను. ఇంకను ముప్పదియేండ్లు నిండలేదు. ఆ జూన్ మాసముననే రహీం క్యాన్సరుతో కన్నుమూసెను. 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో బలరాం మరణించునాటికి ఎనుబదియారేండ్లు. అనగా ఆడిన కాలము ఏడెనిమిదేండ్లు. ఆట లేక బ్రదికిన కాలము అరువదియేండ్లు. ఆటగాని జీతమును లెక్కించువారు ఈ రెండవ అంకెను మరచెదరు.

ఇప్పుడు రగ్బీయే కూలి చేతబట్టుకొని మన ముంగిటికి వచ్చినది. 2025 జూన్ మాసమున బొంబాయిలో, పక్షమునకు ఏడుగురు చొప్పున ఆడు రగ్బీ ప్రీమియర్ లీగ్ మొదటిసారి జరిగెను. ఆరు జట్లలో ఒకదానికి హైదరాబాదు హీరోస్ అని పేరు. అంతకు ముందే, 2014లో, ప్రో కబడ్డీ పోటీలు ప్రారంభమై తెలుగు టైటాన్స్ జట్టు వెలసెను. పల్లె బరిలో పుట్టిన పట్టుకు నేడు వేలముపాటలో ధర పలుకుచున్నది. ఇది సంతోషింపదగినదే. కాని రగ్బీ లీగు పండుగ పక్షము దినములలో ముగిసెను. పోలీసు శాఖలును, రైల్వేలును క్రీడాకారులకు నేటికిని ఉద్యోగములిచ్చుచున్నవి. ఆ జాబితాలో రగ్బీకి చోటెంతయో కొడుకును పంపదలచిన తండ్రి ముందుగ విచారించును. ఇబ్రహీంపూరులో పట్టు తెలిసిన కుర్రవాడొకడు ఆ గ్రుడ్డు బంతిని చేతబట్టి ఇంటికి వచ్చినచో, ఆ తండ్రి బంతిని ఇటునటు త్రిప్పి చూచి, పదునారవ నాటి మాటేమిటని అడుగకమానడు.