పిడుగు పడ్డట్టు తలనొప్పా? మాత్ర వేసుకుని పడుకోవద్దు

జీవితంలో ఎన్నడూ లేనంత తలనొప్పి. ఉన్నట్టుండి మొదలై నిమిషంలోపే భరించలేని స్థాయికి చేరింది. వెంటే వాంతులు, మెడ పట్టేయడం, ఫిట్స్ లేదా స్పృహ తప్పడం. ఇలా జరిగితే మైగ్రేన్ అనో, గ్యాస్ అనో సరిపెట్టుకోకండి. మెదడులో రక్తనాళం చిట్లి ఉండొచ్చు.

అసలేం జరుగుతుంది?
రక్తనాళం గోడ బలహీనపడిన చోట బుడగలా ఉబ్బుతుంది. దీన్నే ఎన్యూరిజం అంటారు. పెద్దవాళ్లలో సుమారు 3 శాతం మందికి ఇది ఉంటుందని అంచనా. చాలామందిలో ఎప్పటికీ పగలదు. పొగతాగడం, అదుపులో లేని బీపీ ముప్పును పెంచుతాయి. ఒకసారి పగిలితే, మళ్లీ రక్తస్రావమయ్యే ప్రమాదం తొలి 24 గంటల్లోనే ఎక్కువ.

వెంటనే ఏం చేయాలి?
108కి ఫోన్ చేయండి. సీటీ స్కాన్, న్యూరోసర్జన్ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లమని అడగండి. సొంతంగా ఆస్పిరిన్ ఇవ్వొద్దు. నొప్పి ఎన్ని గంటలకు మొదలైందో డాక్టరుకు కచ్చితంగా చెప్పండి.

ఆ సమయం ఎందుకు ముఖ్యం?
తొలి 6 గంటల్లో తీసిన సీటీ స్కాన్‌లో రక్తస్రావం దాదాపుగా బయటపడుతుంది. ఆలస్యమయ్యేకొద్దీ కనిపించకపోవచ్చు. అప్పుడు స్కాన్ నార్మల్ వచ్చినా నిశ్చింతగా ఉండలేం. వెన్నులోంచి నీరు తీసి పరీక్షిస్తారు. బుడగ ఎక్కడుందో యాంజియోగ్రామ్‌లో తెలుస్తుంది.

చికిత్స ఏమిటి?
రెండు దారులున్నాయి. పుర్రె తెరిచి బుడగ మొదట్లో క్లిప్ వేయడం ఒకటి. తొడ లేదా చేతి రక్తనాళం గుండా సన్నని గొట్టం పంపి, బుడగను ప్లాటినం తీగచుట్టలతో నింపే కాయిలింగ్ రెండోది. రెండూ వీలైన రోగుల్లో కాయిలింగ్‌తో ఏడాది తర్వాత ఫలితాలు మెరుగ్గా ఉన్నాయని 2002లో వెలువడిన ఐశాట్ అధ్యయనం తేల్చింది. బుడగ ఆకారం, ఉన్న చోటును బట్టి డాక్టర్లు నిర్ణయిస్తారు.

ఆపరేషన్‌తో గండం గడిచినట్టు కాదు. తర్వాతి రెండు వారాల్లో రక్తనాళాలు బిగుసుకుని పక్షవాతం రావొచ్చు. అందుకే నిమోడిపిన్ మందు 21 రోజులు ఇస్తారు. రోగి మాట్లాడుతున్నారు కదా అని డిశ్చార్జికి తొందరపెట్టొద్దు.

ఖర్చు మాటేమిటి?
తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఏపీలో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తుందేమో ఆసుపత్రిలోని ఆ పథకం హెల్ప్ డెస్క్‌లో అడగండి. కార్డు వెతికే పని ఇంట్లో ఇంకొకరికి అప్పగించి, ముందు రోగితో బయల్దేరండి.