కూలిన విమానాల లెక్క: ప్రశస్తీ, సాక్ష్యమూ

యుద్ధం వచ్చినప్పుడు శత్రు విమానాలు ఎన్ని కూలాయన్న అంకె మొదట ప్రభుత్వ ప్రకటనలో పుడుతుంది. అక్కణ్ణించి పత్రికలోకి, పత్రికలోంచి కవితలోకి, చివరికి బడిపిల్లల వ్యాసంలోకి వస్తుంది. చంద్రశేఖరపురంలో తెలుగు చెప్పే మాస్టరుగా ఆ వ్యాసాలు దిద్దేవాణ్ణి నేను. అక్షరదోషాలు దిద్దుతాను. ఆ అంకెను ఏం చెయ్యాలి? ఇది సైనిక నిపుణుల గొడవ, మనకెందుకు అని వదిలెయ్యదగ్గ ప్రశ్న కాదు. దాన్ని పరిశీలించే పనిముట్లు సాహిత్య విద్యార్థి చేతిలో ఎప్పణ్ణించో ఉన్నాయి.

మనం శాసనాలు చదువుకున్నవాళ్లం. 9వ శతాబ్దపు అద్దంకి శాసనం పండరంగడు గెలిచిన బోయకొట్టాలు పన్నెండని లెక్కపెట్టి చెప్తుంది. ఆ గెలుపుకోసం అతనివైపు ఎందరు పడిపోయారో చెప్పదు. అది శాసనం రాసినవాడి మతిమరుపు కాదు, ప్రశస్తి అనే ప్రక్రియ లక్షణం. 634 నాటి ఐహోళె శాసనంలో రవికీర్తి తన ప్రభువు పులకేశి పల్లవుణ్ణి కంచి గోడల వెనక్కి తరిమాడని రాశాడు. పల్లవుల కాశాకుడి శాసనం మహేంద్రవర్మ పుళ్ళలూరులో శత్రువుల్ని నాశనం చేశాడంటుంది. ఎవరి శాసనంలో వారిదే గెలుపు. మరి నరసింహవర్మ వాతాపిని పట్టుకున్నాడని చరిత్రకారులు ధైర్యంగా ఎలా చెప్పగలుగుతున్నారు? అతని శాసనం కంచిలో కాదు, శత్రువు రాజధాని బాదామిలోనే కొండరాతిమీద ఉంది. అంతకంటే ముఖ్యం, పులకేశి కొడుకు విక్రమాదిత్యుడి శాసనాలు తండ్రినాడు పోయిన రాజ్యాన్ని తాను తిరిగి సంపాదించానని చెప్పుకుంటూ, అది పోయిందన్న సంగతి ఒప్పుకున్నాయి. గెలిచినవాడి మాటకు రుజువు ఓడినవాడి రాతలో దొరికింది.

ఆధునిక వైమానిక యుద్ధంలోనూ సూత్రం ఇదే. 1940 సెప్టెంబరు 15న జర్మన్ విమానాలు 185 కూల్చామని బ్రిటన్ ప్రకటించింది. యుద్ధం ముగిశాక జర్మన్ల సొంత రికార్డులు తిరగేస్తే అవి అరవైకి అటూ ఇటూగా తేలాయి. ఆ పైలట్లందరూ అబద్ధాలకోర్లని కాదు. ఒకే విమానాన్ని ఇద్దరు ముగ్గురు కాలుస్తారు, ఎవరి లెక్కలో వారు వేసుకుంటారు. పొగ కక్కుతూ కిందికి దిగిన విమానం నేలకూలిందనిపిస్తుంది, అది కుంటుకుంటూ ఇల్లు చేరుతుంది. ప్రాణం గుప్పిట్లో పెట్టుకున్న క్షణాల్లో చూసిన చూపు అది. పైలట్ పొరబాటు అక్కడితో ఆగుతుంది. దాన్ని పరీక్షించకుండా చాటింపు వేసే ప్రభుత్వానికి మాత్రం ఆ క్షమాపణ వర్తించదు.

పరీక్షించే పద్ధతులున్నాయి. శకలాలు దొరకాలి. వాటిమీది వరుస సంఖ్య ఏ విమానానిదో తేలాలి. తుపాకితోపాటు తిరిగే కెమెరా తీసిన ఫిల్ము చూడాలి. అన్నిటికన్నా గట్టిది ఎదుటిపక్షం స్క్వాడ్రన్ రిజిస్టరు: ఆ రోజు ఎన్ని లేచాయి, ఎన్ని దిగాయి, దిగనివాడి పేరేమిటి.

1965 యుద్ధాన్ని తీసుకోండి. భారత విమానాలు 104 ధ్వంసం చేశామని పాకిస్తాన్ చెప్పుకుంది. మన రక్షణశాఖ తయారుచేసిన చరిత్ర 59 పోయాయని రాసింది. అదే చరిత్ర పాకిస్తాన్‌వి 43 పోయాయన్నది, పాకిస్తాన్ ఒప్పుకున్నది 19. ఇద్దరూ ఎదుటివాడి నష్టాన్ని దాదాపు రెట్టింపుగానో అంతకు మించో చెప్పారు. దేశభక్తి రెండు వైపులా ఒకే రకంగా లెక్కలు వేస్తుందన్నమాట.

ఆ యుద్ధంలో సెప్టెంబరు 7న సర్గోధా మీద జరిగిన దాడులు ఈ విషయానికి పాఠ్యగ్రంథం వంటివి. సేబర్ విమానంలో ఉన్న ఎం.ఎం. ఆలం నిమిషంలోపే అయిదు హంటర్ విమానాలు కూల్చాడని పాకిస్తాన్‌లో బడిపిల్లలకు కూడా తెలుసు. హల్వారా నుంచి ఆ దాడికి వచ్చిన 7వ స్క్వాడ్రన్ హంటర్లు అయిదే. వాటిలో భగవత్, బ్రార్ తిరిగి రాలేదు, తక్కిన ముగ్గురూ దిగారు. అయిదూ కూలివుంటే ఆ ముగ్గురు ఎలా దిగారు? రెండు విమానాలు కూల్చడం కూడా యుద్ధశాస్త్రం దృష్టిలో చిన్న పని కాదు. కాని ప్రశస్తికి రెండు చాలవు.

అదే రోజు తెల్లవారుజామున అక్కడే ఇంకొక సంఘటన జరిగింది. ఆదంపూర్ నుంచి వెళ్లిన మిస్టేర్ విమానాల్లో ఒకదాన్ని స్క్వాడ్రన్ లీడర్ ఎ.బి. దేవయ్య నడుపుతున్నాడు. అదనపు పైలట్‌గా ఉండి దాడిలో చేరినవాడు. అతడు తిరిగి రాలేదు. ఏమయ్యాడో ఇక్కడ ఎవరికీ తెలియలేదు. 1979లో పాకిస్తాన్ వాయుసేన సహకారంతో జాన్ ఫ్రికర్ అనే బ్రిటిష్ రచయిత రాసిన పుస్తకం వచ్చింది. పాకిస్తాన్ స్టార్‌ఫైటర్ ఒకటి ఒక మిస్టేర్‌ని దెబ్బకొట్టగా, ఆ మిస్టేర్ ఎదురుతిరిగి స్టార్‌ఫైటర్‌ని కూల్చిందనీ, దాని పైలట్ పారాచ్యూట్‌తో బయటపడ్డాడనీ అందులో ఉంది. తిరిగిరాని మిస్టేర్ ఎవరిదో అప్పుడు పోల్చి చూసుకున్నారు. 1988లో, అంటే 23 ఏళ్ల తరవాత, దేవయ్యకు మరణానంతరం మహావీర్ చక్ర ప్రకటించారు. పాఠకులు ఒక్కటి గమనించాలి. మన ప్రకటనలు చెయ్యలేని న్యాయం అతనికి శత్రువు తన నష్టం ఒప్పుకోవడం వల్ల జరిగింది. ఆలం అయిదును రెండుకు దించిన పద్ధతీ, దేవయ్యకు ఒకటి చేర్చిన పద్ధతీ ఒకటే. లెక్క నిజం చెయ్యమనేవాడు సైనికుడి శౌర్యాన్ని తక్కువ చేస్తున్నాడనే వాదన ఇక్కడ నిలవదు.

విమానాల సంగతి అలా ఉంచి మన తెలుగు తీరానికి వద్దాం. 1971 డిసెంబరు 3-4 రాత్రి విశాఖపట్నం రేవు బయట పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది. తొంభైమందికి పైగా నావికులు పోయారు. మునిగిందన్న విషయంలో రెండు దేశాలకూ పేచీ లేదు. ఎలా మునిగిందన్నదే పేచీ. ఐ.ఎన్.ఎస్. రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీలతోనని మన కథనం. తన మందుపాతరో, లోపలి పేలుడో కారణమని వాళ్ల కథనం. తూర్పు నౌకాదళంలోని ఆనాటి ఘాజీ రికార్డులు ధ్వంసమయ్యాయని 2010లో పత్రికలు రాశాయి. రికార్డు పోయినచోట కథ పెరుగుతుంది. 2017లో తెలుగులో వచ్చిన ‘ఘాజీ’ చిత్రంలో ఒక భారత జలాంతర్గామి దాన్ని ముంచుతుంది. మనవాళ్ల కథనంలోగాని వాళ్ల కథనంలోగాని అలాంటి జలాంతర్గామి లేదు. సినిమా కల్పన చేసుకోవచ్చు, అది కళాకారుడి హక్కు. కాని నా తరగతిలో ఘాజీ గురించి తెలిసిన పిల్లలందరికీ తెలిసింది ఆ మూడో కథే. విశాఖ సముద్రం అడుగున ఉన్నది తొంభైమంది సమాధి అన్న సంగతి అందులో ఎక్కడో జారిపోయింది.

ఇటీవలి సంగతులు కూడా ఈ వరసలోవే. 2019 ఫిబ్రవరి 27న బుద్గాంలో మన హెలికాప్టర్ కూలి ఆరుగురు వాయుసైనికులూ, నేలమీద ఒక పౌరుడూ మరణించారు. కూల్చింది మన క్షిపణే అని వాయుసేన అధిపతి ఒప్పుకున్నది అక్టోబరులో. మధ్యలో ఎన్నికలు గడిచిపోయాయి. అదే రోజు ఎఫ్-16ను కూల్చామని మనం, కూలలేదని పాకిస్తాన్ ఇప్పటికీ చెప్తున్నాం. 2025 మే ఘర్షణలో అయిదు, ఆపైన ఆరు భారత విమానాలు కూల్చామని పాకిస్తాన్ ప్రకటించింది. మే 31న మన త్రివిధ దళాధిపతి సింగపూర్‌లో నష్టం జరిగిందన్నారు, ఎన్నో చెప్పలేదు. ఆగస్టు 9న మన వాయుసేన అధిపతి పాకిస్తాన్‌వి అయిదు యుద్ధవిమానాలూ, ఒక పెద్ద విమానమూ కూల్చామన్నారు. పాకిస్తాన్ ఒక్కటీ పోలేదన్నది. ఇద్దరి విమానాలూ స్వతంత్రులచేత లెక్కపెట్టిద్దాం రమ్మన్నది. ఈ మాటలన్నీ ప్రశస్తి దశలోనే ఉన్నాయి. ఓడినవాడి రాత ఇంకా బయటికి రాలేదు.

తన నష్టం దాచుకునే ప్రభుత్వం శత్రువుకోసం దాస్తున్నానంటుంది. తన విమానం కూలిందని శత్రువుకు అప్పటికే తెలుసు, కూల్చింది వాడే కాబట్టి. తెలియనిది ప్రజలకు. తిరిగిరానివాడి తల్లికి, భార్యకు.

అందుచేత రచయితలకు నా సూచన ఒకటే. యుద్ధప్రకటన చేతికొచ్చినప్పుడు శాసనం చదివినట్టు చదవండి. ఎవరు చెప్పారు, ఎవరి నష్టం గురించి చెప్పారు, శకలం ఏది, పైలట్ పేరేమిటి అని అడగండి. జవాబు లేకపోతే ఆ అంకె లేకుండానే రాయండి. నా విద్యార్థుల వ్యాసాల్లో అలాంటి అంకె కనిపిస్తే ఇప్పుడు కొట్టెయ్యను. దాని ముందు ‘ఫలానావారు చెప్పిన ప్రకారం’ అని చేర్చమంటాను. చరిత్ర రచన ఆ చిన్న మాటతోనే మొదలవుతుంది.