డి డ్రైవ్‌లో ఉందిగా!

మొన్న సంక్రాంతికి తెనాలి వెళ్ళి బీరువా సర్దుతుంటే ఒక సీడీ దొరికింది. మీద మార్కర్‌తో నా చేతిరాత: "నాన్న పుస్తకం - బ్యాకప్ - డిసెంబరు 2005". దాని కథ చివర్లో చెప్తాను. ముందు కాస్త చరిత్ర. (బోరు కొడితే కిందికి దూకెయ్యండి, ఏమీ అనుకోను.)

ఇంటి కంప్యూటరుకి బ్యాకప్ గొడవ హార్డ్ డిస్కుతో మొదలైంది. అంతకుముందు అంతా ఫ్లాపీలే కదా, ఇంకో ఫ్లాపీ మీదికి కాపీ కొట్టుకుంటే సరిపోయేది. 1983లో ఐబీఎం పీసీ ఎక్స్‌టీ 10 ఎంబీ డిస్కుతో వచ్చింది. దాంతోపాటు వచ్చిన డాస్ 2.0లో బ్యాకప్, రిస్టోర్ అని రెండు కమాండ్లు పెట్టారు. 10 ఎంబీని 360 కేబీ ఫ్లాపీల మీదికి ఎక్కించాలంటే ఎన్ని కావాలో లెక్కెయ్యండి. 28 పైమాటే! ఒక్కోటీ పెట్టడం, తియ్యడం, మీద నంబరు వెయ్యడం. ఎంత ఓపికున్నవాడైనా ఏడాదికి రెండుసార్లు చేస్తే గొప్ప.

సరే, కష్టపడి చేశాడే అనుకుందాం. తిరిగి తెచ్చుకోవడం ఎలా? 1987లో వచ్చిన డాస్ 3.3లో బ్యాకప్ ఫ్లాపీ మీద రాసే పద్ధతే మార్చేశారు. అంతకుముందున్న రిస్టోర్‌కి ఆ ఫ్లాపీలు అర్థం కావు. 1993లో ఎంఎస్-డాస్ 6 వచ్చి, రంగుల మెనూలతో ఎంఎస్‌బ్యాకప్ అనే కొత్త ప్రోగ్రామ్ ఇచ్చింది. దానికేమో పాత బ్యాకప్‌లు చదవడం రాదు, అందుకని పాత రిస్టోర్‌ని కూడా అట్టిపెట్టాల్సి వచ్చింది. విండోస్ ఎక్స్‌పీలో ఎన్‌టీ బ్యాకప్ ఉండేది. హోమ్ ఎడిషన్‌లో అదీ దానంతటది ఇన్‌స్టాల్ అవ్వదు, సీడీలో ఎక్కడో మూల ఫోల్డర్‌లోంచి వెతుక్కుని వేసుకోవాలి. ఇంట్లో వాడుకునేవాళ్ళ కోసం చేసిన ఎడిషన్‌కే ఈ గతి! తర్వాత వచ్చిన విస్టాలో ఆ ప్రోగ్రామే లేదు. పాత ఫైళ్ళు తెరవడానికి మైక్రోసాఫ్ట్ ఇంకో చిన్న యుటిలిటీ విడిగా ఇవ్వాల్సొచ్చింది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, నలభై ఏళ్ళుగా బ్యాకప్ తీసుకోవడం తేలికవుతూనే వచ్చింది. వెనక్కి తెచ్చుకోవడం మాత్రం ఎప్పుడూ ఆ కాపీలో లేని ఇంకేదో వస్తువు మీద ఆధారపడుతూ వచ్చింది. అదే డాస్, అదే ప్రోగ్రామ్, అదే డ్రైవ్. ఆ వస్తువుని దాచుకోవాలని మనలో ఎవరికీ తట్టదు.

మన ఊళ్ళలో మటుకు ఈ ప్రోగ్రాములన్నీ ఎవరు వాడారు లెండి. మన బ్యాకప్ పేరు డి డ్రైవ్. 40 జీబీ డిస్కుని రెండు ముక్కలు చేసి, సి లో విండోస్, డి లో మన సామాను. వైరస్ వచ్చిందా, సి ఫార్మాట్ కొట్టు. విండోస్ ఎక్కించే కుర్రాడు వెళ్తూ వెళ్తూ "ముఖ్యమైనవన్నీ డి లో పెట్టుకోండి సార్" అని చెప్పి పోయేవాడు. ఆ కుర్రాణ్ణి తప్పుపట్టను. వైరస్‌లకి, నెలనెలా చేసే ఫార్మాట్లకి ఆ సలహా బ్రహ్మాండంగా పనిచేసింది. నెట్ సెంటర్లవాళ్ళయితే ఘోస్ట్ వాడేవాళ్ళు. న్యూజిలాండ్‌లో బైనరీ రీసెర్చ్ కోసం మర్రీ హాజార్డ్ అనే ఆయన రాసిన ప్రోగ్రామ్ అది, 1998లో సిమాంటెక్ కొనుక్కుంది. డిస్కు మొత్తానికీ ఫొటో తీసినట్టు ఇమేజ్ తీసి, చెడిపోతే మళ్ళీ అదే దించేస్తుంది. ఆ ఇమేజ్‌ని కూడా డి లోనే పెట్టిన మహానుభావులున్నారు. అందులో నేనొకణ్ణి.

పెద్దపెద్దవాళ్ళూ ఏమీ తక్కువ తినలేదు. 1998లో పిక్సార్‌లో టాయ్ స్టోరీ 2 తీస్తుంటే ఎవరో పొరపాటున ఆర్‌ఎమ్ కమాండ్ కొట్టారు. స్క్రీను మీద బొమ్మలు ఒక్కోటే మాయమైపోవడం మొదలెట్టాయి. బ్యాకప్ ఉందిగా అని చూస్తే, అది కొన్నాళ్ళుగా సరిగ్గా పనిచెయ్యడమే లేదు. ఎవరూ రిస్టోర్ చేసి చూడలేదు మరి. చివరికి సినిమాని కాపాడింది ఒక ఇంటి కంప్యూటర్! గాలిన్ సస్మన్ అనే టెక్నికల్ డైరెక్టర్ పురుడు పోసుకుని ఇంటి నుంచి పనిచేస్తూ ఒక కాపీ ఉంచుకుంది. ఆ మిషన్‌ని దుప్పట్లలో చుట్టి కారులో ఆఫీసుకి తెచ్చారట. (తర్వాత ఆ సినిమాని దాదాపు మొత్తం మళ్ళీ తీశారు, అది వేరే సంగతి.)

ఇక నా సీడీ.

నాన్న తెలుగు మాస్టారు. రిటైరయ్యాక తను పనిచేసిన ఊళ్ళ గురించి, తోటి పంతుళ్ళ గురించి కంప్యూటర్‌లో రాయడం మొదలెట్టారు. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉంది, ఎక్స్‌పీలో గౌతమి ఫాంటూ ఉంది. కానీ డీటీపీ సెంటర్‌లో నేర్చుకున్న మనిషి కాబట్టి ఆయన అక్కడి ఫాంటులోనే కొట్టేవారు. ఫైలు ఎక్కడుండేదో చెప్పక్కర్లేదుగా.

2007 వేసవిలో డిస్కు టక్ టక్ మని చప్పుడు చేసి పోయింది. సి తోపాటు డి కూడా. రెండూ ఒకే డిస్కు అని నాకు తెలియదా? సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని, బాగా తెలుసు. తెలిసీ 2005 డిసెంబరులో ఒక్కసారి సీడీ కొట్టి, మళ్ళీ దాని మొహం చూడలేదు. ఆ సీడీ బానే చదివింది. ఫైలు తెరిస్తే పేజీల నిండా ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, ఏవేవో కొక్కేలు. ఆ రకం ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు పెట్టుకుంటాయి. ఫాంటు లేకపోతే మిగిలేది చెత్తే. ఆ ఫాంటు ఉండేది సి డ్రైవ్‌లో. దాన్ని నేను సీడీలో వెయ్యలేదు.

ఊళ్ళో ఒక డీటీపీ ఆయన దగ్గర ఆ ఫాంటు దొరికింది. అక్కడక్కడా ఒత్తులు ఎగిరిపోయినా అక్షరాలు వచ్చాయి. 2005 తర్వాత రాసినవి, ఓ నలభై పేజీలుంటాయేమో, పోయాయి. మళ్ళీ రాయమంటే నాన్న "ఒకసారి రాసేశాను కదరా" అన్నారు. ఇక రాయలేదు.

ఇప్పుడు దాన్ని యూనికోడ్‌లోకి మార్చి మూడు చోట్ల ఉంచాను. క్లౌడ్‌లో కూడా ఉంది గానీ దాన్ని లెక్కలో వేసుకోను. ఇక్కడ చెరిపితే అక్కడా చెరిగిపోయేదాన్ని బ్యాకప్ అనడానికి నాకు మనసొప్పదు. ఏటా పండక్కి వేరే లాప్‌టాప్‌లో రిస్టోర్ చేసి, తెరిచి, చివరి పేజీ దాకా చదువుతాను. ఆ చివరి పేజీ సగం వాక్యంతో ఆగిపోతుంది. రేపల్లెలో జీతాలు రాని నెలలో మా బాబాయి సైకిలేసుకుని వచ్చి... అని.

వచ్చి ఏం చేశాడో ఈసారి బాబాయినే అడిగాను. గుర్తులేదురా అన్నాడు.