లేని మూడు గుంటలు

మన మరిపెడ దిక్కు చెలకలు సరిగ్గా నలుచదరంగా ఉండేవి తక్కువ. ఒక గట్టు పొడుగు, ఎదురు గట్టు పొట్టి, పక్క గట్లు రెండూ ఏటవాలు. హైస్కూల్ల సమలంబ చతుర్భుజం అని చదివింది ఇదే. ఇంట్ల కాలేజీ దాకా వచ్చిన మొదటోళ్లం మనమే. అందుకే భూమి కొన్నా, పంచుకున్నా కొలత కాగితం మన చేతికే ఇస్తరు.

ఊర్లల్ల తరచుగా వినపడే లెక్క ఒకటుంది. ఎదురెదురు గట్లు కలిపి సగం చెయ్యాలె, ఇంకో జతను కూడా అట్లనే సగం చేసి, రెండూ గుణించాలె. ఇది చాలా పాతది. ఈజిప్టుల ఎద్ఫు గుడి గోడల మీద రెండు వేల ఏండ్ల కింద చెక్కిన భూముల లెక్కలు ఇట్లనే ఉన్నయి. మన దక్కన్‌లో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలంల, 850 ప్రాంతంల, మహావీరాచార్యుడు 'గణితసార సంగ్రహం'లో ఇదే పద్ధతి రాసిండు. కానీ దాన్ని వ్యావహారికం, అంటే మోటు లెక్క అన్నడు. సూక్ష్మమైన లెక్క వేరే చెప్పిండు: భూమి, ముఖం కలిపి సగం చేసి, లంబంతో గుణించాలె. (కింది గట్టు పేరే 'భూమి'. మన పుస్తకాలల్ల ఈ పేరు ఉంటే ఎంత బాగుండేదో!) ఆర్యభటుడు 499లోనే ఈ లంబం సూత్రం చెప్పిండు. మహావీరుని పుస్తకాన్ని తర్వాత పావులూరి మల్లన తెలుగు పద్యాలల్లకు తెచ్చిండు. తెలుగుల తొలి గణిత గ్రంథంగా చెప్పుకునేది అదే.

రెండు లెక్కలకు తేడా ఎంతో చూద్దాం. సమాంతర గట్లు 120, 80 గజాలు, ఏటవాలు గట్లు రెండూ 52 గజాలు అనుకుందాం. మోటు లెక్క: 100 × 52 = 5200 చదరపు గజాలు. గుంటకు 121 గజాల చొప్పున దాదాపు 43 గుంటలు, అంటే ఎకరం దాటి మూడు గుంటలు. కానీ లంబం 48 గజాలే. అసలు వైశాల్యం 4800. ఎకరానికి (4840) ఇంకా 40 గజాలు తక్కువ! ఏటవాలు గట్టు లంబం కన్నా ఎప్పుడూ పొడుగే కదా, అందుకే మోటు లెక్క ఎక్కువే చూపిస్తది. అమ్మేటోనికి లాభం, కొనేటోనికి నష్టం. విస్తీర్ణం మీద శిస్తు వేస్తే కట్టేటోనికి నష్టం.

లంబం దొరకాలంటే పొడుగు గట్టు మీద 3 గజాలు, చెలకలోపలికి 4 గజాలు పెట్టి, ఆ రెండు కొసల మధ్య 5 వచ్చేదాకా తాడు జరపాలె. అప్పుడు ఆ 4 గజాల తాడు దారినే ఎదురు గట్టు దాకా టేపు పట్టాలె. గట్లు సమాంతరంగా లేకుంటే ఈ సూత్రం నడవదు. అప్పుడు మూల నుంచి మూలకు టేపు పట్టి, చెలకను రెండు త్రిభుజాలు చేసి వేరువేరుగా లెక్క కట్టాలె.